చెవిలో పాట, వెనక హారన్

ప్రశ్న: నమస్తే. మాది నల్గొండ. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. రోజూ పొద్దున అయిదింటికి లేచి పానగల్ చెరువు వైపు పరుగెత్తుతాను. ఇయర్‌బడ్స్ పెట్టుకుని పాటలు వింటే తప్ప నాకు కాళ్లు కదలవు. ఇంకో కారణం కూడా ఉంది. బైకుల మీద పోయే పోరగాళ్లు ఒక్కోసారి ఏదో ఒకటి అంటారు, అది చెవిన పడకుండా ఉంటుందని పెట్టుకుంటాను. పోయిన వారం ఒక మలుపు దగ్గర, రోజూ పాలు పోయడానికి వచ్చే తాత ఎక్సెల్ బండి మీద నా వెనక నుంచి వస్తూ హారన్ కొట్టాడట. నాకు వినబడలేదు. గుంత ఉందని నేను పక్కకు జరిగాను. నన్ను తప్పించబోయి ఆయన బండితో సహా పడిపోయాడు. మోకాలు గీరుకుపోయింది, పాలన్నీ ఒలికిపోయాయి. "చెవులు మూసుకుని రోడ్డు మీదికి ఎందుకొస్తవ్ బిడ్డా" అన్నాడు. భయమేసి సరిగా సారీ కూడా చెప్పకుండా వచ్చేశాను. ఇంకోసారి అవి చెవిలో కనబడితే పరుగే మానిపిస్తానంటోంది అమ్మ. నేను పాటలు పూర్తిగా మానేయాలా?
— ఒక సోదరి, నల్గొండ

సమాధానం:

అమ్మా, పాటలు పూర్తిగా మానేయాల్సిన పని లేదు. కానీ రోడ్డు మీద ఇప్పుడు వింటున్న పద్ధతిలో మాత్రం ఇక వినొద్దు. ఎక్కడ వినొచ్చో, ఎలా వినొచ్చో చెబుతాను. ముందు ఆ తాత కొట్టిన హారన్ గురించి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి అదే.

మన రోడ్ల మీద హారన్ అంటే ఒక పలకరింపు. "నేను వస్తున్న, నువ్వు అట్లనే పో, పక్కకు రాకు" అని వెనకవాడు చెప్పే మాట అది. హారన్ కొట్టిన తర్వాత బండి నడిపే మనిషి, ముందున్నవాళ్లు విన్నారనే లెక్కతోనే వస్తాడు. మీ చెవుల్లో ఏముందో ఆయనకు వెనక నుంచి కనబడదు. జుట్టు కింద, చున్నీ కింద చిక్కుడు గింజంత ఇయర్‌బడ్ ఎవరికి కనిపిస్తుంది? ఆ తాత విన్నారనుకునే మీ పక్కనుంచి పోబోయాడు. మీరు గుంత తప్పించడానికి జరిగారు. మీ జరగడంలో తప్పేం లేదు, వెనక ఎవరూ లేరని మీ చెవులు మీకు చెప్పాయి. అయితే ఆ చెవులు అప్పుడు పనిలో లేవు.

మనకు వినబడడం మన క్షేమం కోసమే అనుకుంటాం. మన వెనక వచ్చే పాలాయన, ఎదురుగా వచ్చే స్కూల్ ఆటో, బర్రెలు తోలుకొచ్చే ముసలమ్మ కూడా దాని మీదే ఆధారపడి ఉంటారు. వాళ్లు మనతో మాట్లాడడానికి ఉన్న ఒకే ఒక తలుపును మనం మూసేసి రోడ్డెక్కుతున్నాం.

నా సంగతి ఒకటి చెబుతాను. మాది మహబూబ్‌నగర్. కొన్నేళ్ల కింద, మే నెలలో, రాత్రి గాలివాన కొట్టిన మరునాడు పొద్దున ఊరి శివారు తొవ్వలో పరుగెత్తుతున్నాను. రెండు చెవుల్లోనూ పాట. చల్లగా, హాయిగా ఉంది. ఉన్నట్టుండి వెనక నుంచి ఎవరో నా భుజం పట్టుకుని గట్టిగా లాగారు. గుండె ఆగినంత పనైంది. తిరిగి చూస్తే ఒక రైతు, కాళ్లకు చెప్పుల్లేవు, రొప్పుతున్నాడు. నేను ఇయర్‌ఫోన్స్ తీశాక గానీ ఆయన మాట వినబడలేదు. "ఎంతసేపటి సంది మొత్తుకుంటున్న! ముంగట కరెంటు తీగ తెగి పడ్డది!" చేను ఆ చివర నుంచి అరుస్తూ వచ్చాడట, నేను ఆగకపోయేసరికి గట్ల మీద నుంచి పరుగెత్తాడు. తడి నేల మీద ఆ తీగ నాకు ముప్పై నలభై అడుగుల దూరంలో ఉంది. ఇప్పటికీ గాలివాన కొట్టిన మరునాడు ఆ మనిషి పాదాలు గుర్తొస్తాయి. నా కోసం అరిచే గొంతు అంత గట్టిగా ఉన్నా, చెవిలో పాట దానికంటే దగ్గరగా ఉంది.

ఇక మీ ఇయర్‌బడ్స్ విషయం. చెవి రంధ్రాన్ని మూసే సిలికాన్ బుడిపె ఉన్న రకమైతే, పాట పెట్టకపోయినా అది బయటి శబ్దాన్ని కొంత ఆపుతుంది. పెట్టుకుని నాలుగడుగులు వేసి చూడండి, మీ అడుగుల చప్పుడే తలలో ధన్ ధన్ మని మోగుతుంది. దాని మీద నాయిస్ క్యాన్సిలేషన్ కూడా ఆన్‌లో ఉంటే రోడ్డు మీద అది నిజంగా ప్రమాదమే. అందులోని చిన్న మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి, దానికి ఎదురు తరంగాన్ని లోపల పుట్టించి రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకునేలా చేస్తాయి. ఈ పద్ధతి బాగా పనిచేసేది ఆగకుండా వచ్చే బరువైన చప్పుళ్ల మీద: లారీ ఇంజిన్ గుర్రు, బస్సు టైర్ల రొద. రోడ్డు మీద మీకు ముందుగా తెలియాల్సినవి అవే. బస్సు ప్రయాణంలో వరం లాంటి ఆ బటన్‌ను పరుగుకు బయల్దేరే ముందు తప్పకుండా ఆపేయండి.

కొన్నిటిలో బయటి శబ్దాన్ని మైకుతో పట్టి చెవిలోకి పంపే మోడ్ ఉంటుంది. యాంబియంట్ అనో ట్రాన్స్‌పరెన్సీ అనో రాసి ఉంటుంది. లేనిదానికన్నా మేలే. కానీ చెరువు గట్టు మీద గాలికి ఆ మైకులు బుస్సుమంటాయి, దానికి పాట తోడైతే ఇంకేమీ తెలియదు. చెవి మూయకుండా, చెవి ముందు చెంప ఎముక మీద ఆనే బోన్ కండక్షన్ రకం కూడా దొరుకుతోంది. అది ఎముక కంపనం ద్వారా శబ్దాన్ని లోపలి చెవికి చేరుస్తుంది, చెవి రంధ్రం ఖాళీగా ఉంటుంది. కొత్తవి కొనే ఆలోచన ఉంటే అవి, లేదా చెవి బయట తగిలించుకునే ఓపెన్ రకం చూడండి. కొనకపోయినా నష్టం లేదు. ఏ రకమైనా మనసు పాటలో మునిగిపోతే చెవి తెరిచి ఉండీ వినదు. వంటింట్లో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో టీవీ చూస్తున్నవాళ్లకు తెలియనట్టే.

"ఒక్క చెవికే పెట్టుకుంటాను, ఇంకోటి ఖాళీ కదా" అని చాలామంది అంటారు. రెండు చెవులూ మూసుకోవడం కన్నా అది నయం. ఒక చిక్కు మాత్రం ఉంది. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మనకు తెలిసేది రెండు చెవుల వల్ల. ఎడమ పక్క నుంచి వచ్చే చప్పుడు ఎడమ చెవికి కాస్త ముందు, కాస్త గట్టిగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు దాన్ని పట్టుకుని దిక్కు చెప్పేస్తుంది. ఒక చెవి పాటకిచ్చేస్తే బండి వస్తోందని తెలుస్తుంది కానీ ఎటు నుంచో వెంటనే తెలియదు. అలాంటప్పుడు మనం బిత్తరపోయి తప్పు పక్కకే దూకుతాం. కాబట్టి ఒక చెవికి పాట పెట్టుకున్నా, అది బండ్లు రాని చోటే.

రోడ్డు మీద పాట ఆపేసి ఒకటి చెవిలో ఉంచుకున్నా, ఏ చెవికి అన్నది మీరు ఏ పక్కన పరుగెత్తుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన పోతాయి. ఫుట్‌పాత్ లేనిచోట నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు కుడి అంచున, ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ వెళ్లాలి. మీ వెనక నుంచి తాత వచ్చాడంటే మీరు బహుశా ఎడమ పక్కన ఉన్నారు. రేపటి నుంచి కుడి అంచుకు మారండి. అప్పుడు రోడ్డు మీకు ఎడమ వైపు ఉంటుంది, ఆ చెవి ఖాళీగా ఉండాలి. ఇయర్‌బడ్ ఉంటే కుడి చెవికే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వచ్చేస్తుంది. ఎదురుగా వస్తే కంటికి కనబడుతుంది, వెనక నుంచి వస్తే చెవే దిక్కు.

అయితే కుడి పక్కన ఉన్నాను కదా అని చెవులు మూసుకోవడానికి లేదు. మన ఊళ్లలో రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఎన్నో మీకు తెలుసు. యూటర్న్ దూరమని, పెట్రోల్ దండగని మీ పక్కనే, మీ వెనక నుంచే వస్తాయి. ఈమధ్య ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఎలక్ట్రిక్ ఆటోలు కూడా తిరుగుతున్నాయి. నెమ్మదిగా వచ్చేటప్పుడు వాటికి చప్పుడే ఉండదు, టైరు కింద ఇసుక నలిగిన శబ్దమే గుర్తు. ఆ పాటి శబ్దం ఏ పాట కిందైనా మునిగిపోతుంది.

వడ్ల కాలంలో ఇంకా జాగ్రత్త కావాలి. వానాకాలం కోతలప్పుడు నవంబరు దగ్గర, యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో సగం రోడ్డు కల్లమే. వడ్లు ఆరబోసి అంచులకు రాళ్లు పెడతారు. రెండు వైపుల బండ్లూ మిగిలిన సగంలోకే వస్తాయి. ధాన్యం లారీలు, ట్రాక్టర్లు మిల్లులకు పోతూ ఉంటాయి. ఆ చీకట్లో రాయి తగిలి మీరు పడొచ్చు. పట్టా కప్పిన వడ్ల కుప్ప పక్కనే కాపలా మనిషి పడుకుని ఉండొచ్చు. అక్కడ పరుగు ఆపి నడవండి, చెవుల్లో ఏమీ పెట్టుకోకండి, వడ్ల మీద కాలు వేయకండి. ఒక రైతు ఇంటి ఆరు నెలల కష్టం అది.

కుక్కల సంగతీ చెవికి సంబంధించినదే. చాలాసార్లు కుక్క మీద పడే ముందు గుర్రుమంటుంది, లేదా దూరం నుంచే మొరుగుతుంది. అది విన్నవాళ్లు పరుగు ఆపి, దాని వైపు తిరిగి, నిలబడి, మెల్లగా వెనక్కి నడుస్తారు. విననివాళ్లు పరుగెత్తుతూనే ఉంటారు, పరుగెత్తేదాన్ని తరమడం దాని గుణం. ఖర్మగాలి కరిస్తే గాయాన్ని ధార నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసుపు, కారం లాంటివి పెట్టొద్దు. గట్టు మీద గడ్డి ఉన్నచోట రక్తపింజర ఉంటే అది కుక్కర్ ఆవిరిలా గట్టిగా బుసకొడుతుంది. చీకట్లో అది ఉందని మీకు చెప్పేది ఆ బుసే.

మీరు రాసిన రెండో కారణం గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. పోరగాళ్ల మాటలు వినబడకుండా పెట్టుకుంటున్నానన్నారు. ఎంతోమంది ఆడపిల్లలు ఇదే చేస్తున్నారు, చాలామంది ఇంట్లో చెప్పరు. మీరు చెప్పారు, మంచిపని చేశారు. తప్పు మాట అన్నవాళ్లది, మీది కాదు. అయినా వాళ్ల నోటి నుంచి తప్పించుకోవడానికి మీ చెవులు మీరే కట్టేసుకుంటే, ఒక బైకు మీ వెనకే నెమ్మదైనా, తిరిగి వచ్చినా మీకు తెలియదు. నా సలహా ఇది. చూసేవాళ్లకు పాట వింటున్నట్టే ఉండనివ్వండి, కానీ పాట ఆపేసి ఉంచండి. బుడిపె రకమైతే రోడ్డు వైపుది జేబులో వేసుకోండి. మీరు పట్టించుకోనట్టు ఉంటుంది, అన్నీ వినబడుతూ ఉంటాయి. రెండోసారి అదే బండి కనబడితే నంబరు గుర్తుపెట్టుకుని 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. పోలీసుల షీ టీమ్స్ మన రాష్ట్రంలో 2014 నుంచి పనిచేస్తున్నాయి, ఇలాంటి వాటి కోసమే అవి ఉన్నాయి. రేపు మీరు వేసుకోబోయే యూనిఫాం కూడా ఈ పని కోసమే కదా.

ఆ దారిలో మీకు అండ ఇంకొకటి ఉంది. అయిదింటికి రోడ్లు ఊడ్చే మున్సిపాలిటీ అమ్మలు, టీ కొట్టు తెరిచే ఆయన, గట్టు మీద నడిచే రిటైర్డ్ సార్లు, ఆ పాల తాత. వీళ్లు రోజూ మిమ్మల్ని చూస్తున్నారు. "ఏం బిడ్డా, ఇయ్యాల లేటైందేంది" అని ఎవరైనా అంటే ఒక చెవిది తీసి రెండు ముక్కలు మాట్లాడండి. జవాబు రాకపోతే పొగరనుకుంటారు, తర్వాత పలకరించడం మానేస్తారు. నాలుగు రోజులు నవ్వుతూ నమస్తే పెట్టిన పిల్ల అయిదో రోజు కనబడకపోతే వెతికేది వాళ్లే.

పెద్దవాళ్లను దాటేటప్పుడు ఇంకొంచెం మర్యాద కావాలి. వెనక నుంచి దబదబ అడుగులతో వచ్చి పక్కనుంచి దూసుకుపోతే డెబ్బై ఏళ్ల మనిషి ఉలిక్కిపడి తూలుతాడు. పది అడుగుల దూరంలోనే వేగం తగ్గించి, "పెద్దయ్యా, కుడి పక్క నుంచి వస్తున్న" అని చెప్పండి. చెవిలో పాట ఉంటే మన గొంతు మనకు తెలియకుండానే అరుపు అవుతుంది, అందుకని ముందు పాట ఆపి తర్వాత పలకండి. ఇయర్‌బడ్స్ వద్దన్నారు కదా అని ఫోన్ స్పీకర్‌లో పాట పెట్టుకుని పరుగెత్తకండి. పొద్దుటి పూట ఒకరు జపం చేసుకుంటూ నడుస్తారు, ఒకరు భార్యను పోగొట్టుకుని ఊరికే మౌనంగా నడుస్తారు. వాళ్ల నిశ్శబ్దం మనకు ఎందుకు అడ్డం?

మరి పాట ఎక్కడ వినాలి? బండ్లు రాని చోట. స్టేడియం గ్రౌండులో, కాలేజీ మైదానంలో తేలికగా, నెమ్మదిగా పరుగెత్తే రోజుల్లో వినండి. ఒక చెవికి, తక్కువ వాల్యూమ్‌లో. పాటల వరుస ముందే పెట్టుకోండి, పరుగులో ఫోన్ చూడొద్దు. వాల్యూమ్ ఎంతన్నది తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పాట పెట్టుకుని నిలబడండి, తమ్ముడినో స్నేహితురాలినో పది అడుగులు వెనక నిలబడి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవమనండి. మొదటి పిలుపుకే తిరిగారా, సరే. లేకపోతే తగ్గించండి. చెవుల ఆరోగ్యానికీ ఇది మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే. చెమట పట్టిన బుడిపెలను రోజూ తుడిచి ఆరబెట్టుకోండి, లేకపోతే చెవిలో దురద, ఫంగస్ వస్తాయి.

గ్రౌండులో కూడా రెండు చెవులూ మూసుకోవద్దు. ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే మన గ్రౌండ్లు ఎలా నిండిపోతాయో మీకు తెలుసు. ఒక పక్క లాంగ్ జంప్, ఇంకో పక్క షాట్‌పుట్. ఆడపిల్లలు విసిరే గుండే 4 కిలోలు, మగపిల్లలది 7 కిలోల పైమాటే. "జరుగు!" అన్న కేక వినబడాలి. వేగంగా వచ్చేవాళ్లు వెనక నుంచి దారి అడిగితే లోపలి లేన్ వదిలి బయటికి రావాలి, అదీ వినబడాలి.

ఇంకో మాట, కానిస్టేబుల్ ఎంపికలో మీరు పరుగెత్తాల్సిన 800 మీటర్ల గురించి. నెమ్మది పరుగులో పాట వల్ల అలసట తక్కువ అనిపించడం నిజమే, మీరు ఊహించుకున్నది కాదు. కానీ ఊపిరి అందనంత వేగంలోకి వెళ్లాక ఆ సాయం చాలా తగ్గిపోతుంది. పైగా ఈవెంట్స్, అంటే ఆ పరుగు పరీక్ష రోజున చెవుల్లో ఏమీ ఉండదు, పక్కన పరుగెత్తే వాళ్ల రొప్పు, మీ రొప్పు, అంతే. పాట లేకపోతే కాళ్లు కదలవన్న మాట ఆ రోజు నిజం కాకూడదు. అందుకని వేగం పెంచే రోజుల్లో పాట లేకుండానే చేయండి. మొదటి వారం చాలా బోర్ కొడుతుంది, కాళ్లు బరువుగా అనిపిస్తాయి. టెన్షన్ పడకండి. రెండు అడుగులకు ఊపిరి లోపలికి, రెండు అడుగులకు బయటికి, ఆ లెక్క మీద మనసు పెట్టండి. కొన్ని రోజులకు ఆ తాళమే మిమ్మల్ని లాక్కుపోతుంది. ఎక్కడ తొందరపడుతున్నారో, ఎక్కడ పాదం గట్టిగా కొడుతోందో మీ చప్పుడే చెబుతుంది.

అయిదింటికి ఏ కాలంలోనైనా మన దగ్గర చీకటే. లేత రంగు బట్టలు వేసుకోండి, వీపు మీద మెరిసే పట్టీ ఉంటే మంచిది. వీలైతే రోడ్డు పరుగు వెలుగు వచ్చాకే పెట్టుకోండి.

అమ్మకు ఈ ఉత్తరం చూపించండి. రోడ్డు మీద పాట వద్దు, గ్రౌండులో ఒక చెవికి మాత్రమే అని మీరే ముందు చెప్పండి. ఒకరోజు ఆమెను కూడా గ్రౌండుకు తీసుకెళ్లి, పది అడుగుల వెనక నుంచి పిలిచే పరీక్ష ఆమెతోనే పెట్టించండి.

ఆ తాత రేపు కూడా అదే టైముకు, అదే మలుపు దగ్గరికి వస్తాడు. ఇయర్‌బడ్స్ ఇంట్లో పెట్టి వెళ్లి కాసేపు అక్కడ నిలబడండి. బండి ఆపమని చెయ్యెత్తండి. ఆ రోజు భయపడి వెళ్లిపోయానని, హారన్ వినబడలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మోకాలు ఎలా ఉందో అడగండి, వాపు తగ్గకపోతే నాన్ననో తమ్ముడినో తోడు తీసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒలికిన పాల డబ్బులు ఇవ్వబోతే బహుశా తీసుకోడు. అయినా పట్టుకెళ్లండి.